ద్రావణాల చర్యల్లో లెక్క ఎక్కడ తప్పుతుంది

25.00 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్ల ద్రావణాన్ని పూర్తిగా తటస్థీకరించడానికి 0.1050 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 31.20 మి.లీ. పట్టింది. ఆమ్లం మోలారిటీ, అంటే లీటర్ ద్రావణంలో ఉన్న మోల్‌ల సంఖ్య, ఎంత? ఈ ప్రశ్న ఎదురైనప్పుడు చాలామంది విద్యార్థుల చేయి ఆలోచన కంటే ముందే కదులుతుంది. మోలారిటీని ఘనపరిమాణంతో గుణించిన లబ్ధం రెండు వైపులా సమానమని రాసి, 31.20ని 0.1050తో గుణించి, 25.00తో భాగించి, 0.1310 మోలార్ అని తేలుస్తారు. గుణకారంలోనూ భాగహారంలోనూ తప్పు లేదు, ప్రమాణాలు సరిగ్గా కుదిరాయి, జవాబు కూడా నమ్మదగినదిగానే కనిపిస్తుంది. అయినా అది అసలు విలువకు సరిగ్గా రెండింతలు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఆ సమానత్వం దేనికి చెందినదో చూడాలి. అది విలీనం చేయడానికి, అంటే ఒకే ద్రావణానికి నీరు కలిపి పలుచన చేయడానికి, సంబంధించిన సూత్రం. నీరు కలిపినప్పుడు ఘనపరిమాణం పెరుగుతుంది, గాఢత తగ్గుతుంది, కానీ లోపలి ద్రావితం ఎంత ఉన్నదో అంతే ఉంటుంది కనుక ముందు మోల్‌లూ తర్వాతి మోల్‌లూ సమానం. రసాయన చర్యలో ఇలాంటి హామీ ఏదీ లేదు. అక్కడ రెండు వేర్వేరు పదార్థాలు ఎదురుపడతాయి, ఏది ఎంతకు ఎంత చొప్పున కలుస్తుందో తుల్య సమీకరణం ఒక్కటే చెప్పగలదు. ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి దిగిన క్షారం 31.20 × 0.1050 = 3.276 మిల్లీమోల్‌లు. కనుక ఆమ్లం అందులో సగం, 1.638 మిల్లీమోల్‌లు. అది 25.00 మి.లీ.లో ఉంది కాబట్టి మోలారిటీ 0.06552.

హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ సోడియం హైడ్రాక్సైడూ ఒకటికి ఒకటి చొప్పున చర్య జరుపుతాయి. అక్కడ పై సూత్రం సరైన జవాబే ఇస్తుంది. మొదటి పాఠంలో ఎదురయ్యే లెక్కలన్నీ దాదాపు ఇలాంటివే కావడంతో అదే సర్వత్రా చెల్లుతుందన్న నమ్మకం కుదురుకుంటుంది. అయితే దోషమంతా విద్యార్థిదే అనడం న్యాయం కాదు. ఆ సూత్రానికి ఒక పూర్వజన్మ ఉంది.

చర్యల్లో పదార్థాలు ఏ నిష్పత్తిలో కలుస్తాయో లెక్కగట్టడాన్ని ‘స్టాయికియోమెట్రీ’ అంటారు. ఆ మాటను గ్రీకులో మూలకం, కొలత అనే అర్థాలున్న రెండు పదాల నుంచి 1792లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త జెరెమియాస్ బెంజమిన్ రిక్టర్ వాడుకలోకి తెచ్చాడు. ఆయన పరిశీలించినవి ప్రధానంగా ద్రావణాలలో జరిగే తటస్థీకరణ చర్యలే. రెండు తటస్థ లవణాల ద్రావణాలను కలిపినప్పుడు వాటి భాగాలు పరస్పరం మారినా మిశ్రమం తటస్థంగానే మిగలడం ఆయన దృష్టిని ఆకర్షించింది. అలా మిగలాలంటే ప్రతి ఆమ్లానికీ ప్రతి క్షారానికీ ఒక స్థిరమైన ‘సమాన పరిమాణం’ ఉండి తీరాలి. అణువులు, మోల్‌లు అన్న ఊహలు స్థిరపడకముందే ఈ తుల్య భారాల ఆలోచన రసాయన శాస్త్రంలో పాతుకుపోయింది. తర్వాత గే-లుసాక్ వంటివారు బ్యూరెట్‌తోనూ పిపెట్‌తోనూ విశ్లేషణ చేసే పద్ధతులను అభివృద్ధి చేసినప్పుడు ఆ ఆలోచనే వాటికి పునాది అయింది, దాని నుంచే నార్మాలిటీ, అంటే లీటర్ ద్రావణంలో ఎన్ని తుల్య భారాల ద్రావితం ఉందో చెప్పే కొలత, వచ్చింది. నార్మాలిటీలో 1:2, 2:5 వంటి నిష్పత్తులు గాఢత అంకెలోనే ఇమిడి ఉంటాయి కనుక రెండు వైపులా లబ్ధాలు సమానమనడం అక్కడ ఏ చర్యకైనా నిజమే. నార్మాలిటీ పక్కకు తప్పుకొని మోలారిటీ ముందుకు వచ్చినప్పుడు సూత్రం రూపం మాత్రం అలాగే మిగిలింది, దాన్ని నిజం చేసిన నిష్పత్తి జారిపోయింది. పాత్ర మారిన నటుడు పాత సంభాషణనే వల్లించినట్లయింది.

మోలారిటీ అంటే ఒక లీటర్ ద్రావణంలో ఉన్న ద్రావితం మోల్‌ల సంఖ్య. ఒక మోల్ అంటే 6.02214076 × 10 ఘాతం 23 కణాలు అని 2019 నుంచి స్థిరమైన విలువగా నిర్వచిస్తున్నారు. ఈ నిర్వచనంలో ‘ద్రావణం’ అన్న మాటను తేలిగ్గా దాటిపోకూడదు. ఒక లీటర్ నీటిలో ఒక మోల్ ఉప్పు వేస్తే అది ఒక మోలార్ ద్రావణం కాదు. ఉప్పును కొద్ది నీటిలో కరిగించి, ప్రమాణ కుప్పె మెడ మీది గీత వరకు నీటితో నింపితేనే అవుతుంది. ద్రవాల ఘనపరిమాణాలు ఎప్పుడూ కచ్చితంగా కూడవు కూడా. 50 మి.లీ. నీటికి 50 మి.లీ. ఇథనాల్ కలిపితే 100కు బదులు సుమారు 96, 97 మి.లీ. మాత్రమే వస్తుంది. విలీన జల ద్రావణాలలో ఈ తేడా అతి స్వల్పం కనుకనే లెక్కల్లో ఘనపరిమాణాలను నిస్సంకోచంగా కూడుతుంటాం. ఉష్ణోగ్రత సంగతి కూడా ఇలాంటిదే. 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 35 డిగ్రీలకు వెళ్ళేసరికి నీరు సుమారు 0.3 శాతం వ్యాకోచిస్తుంది, ఆ మేరకు మోలారిటీ తగ్గుతుంది. నాలుగు సార్థక అంకెలతో ఫలితం చెప్పదలచుకున్నవారికి ఇది పట్టించుకోవలసిన తేడా.

లెక్క చేసేటప్పుడు ప్రతి మిల్లీలీటర్‌నూ లీటర్‌లోకి మార్చి సున్నాల్లో తప్పిపోవడం కంటే, మోలారిటీని మి.లీ.తో గుణిస్తే నేరుగా మిల్లీమోల్‌లు వస్తాయని గుర్తుంచుకోవడం మేలు. పై ఉదాహరణలో చేసింది అదే. ఘనపరిమాణం నుంచి మోల్‌లకు, ఒక పదార్థం మోల్‌ల నుంచి మరో పదార్థం మోల్‌లకు, అక్కడి నుంచి కావలసిన రాశికి వెళ్ళాలి. ఈ మూడడుగుల్లో రసాయన శాస్త్రం ఉన్నది నడిమి దానిలోనే, మిగిలిన రెండూ కేవలం కొలతల మార్పిడి. విచిత్రంగా విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది ఆ నడిమి అడుగునే.

రెండు ద్రావణాల పరిమాణాలనూ ఇచ్చినప్పుడు మరో చిక్కు వస్తుంది. 50.0 మి.లీ. 0.120 మోలార్ లెడ్ నైట్రేట్ ద్రావణానికి 80.0 మి.లీ. 0.100 మోలార్ పొటాషియం అయొడైడ్ ద్రావణం కలిపితే పసుపు రంగు లెడ్ అయొడైడ్ అవక్షేపం ఏర్పడుతుంది. దాని ద్రవ్యరాశి ఎంత, ద్రావణంలో ఏమేమి మిగులుతాయి? లెడ్ అయాన్లు 6.00 మిల్లీమోల్‌లు, అయొడైడ్ అయాన్లు 8.00 మిల్లీమోల్‌లు. అంకెలు మాత్రమే చూస్తే లెడ్ తక్కువగా ఉంది కాబట్టి అదే ముందు అయిపోతుందని అనిపిస్తుంది. కానీ ఒక్కో లెడ్ అయాన్ రెండేసి అయొడైడ్‌లను పట్టుకుంటుంది. 6.00 మిల్లీమోల్‌ల లెడ్‌కు 12.00 మిల్లీమోల్‌ల అయొడైడ్ కావలసి ఉండగా ఉన్నది 8.00 మాత్రమే. అందువల్ల ముందుగా అయిపోయేది, అంటే పరిమిత కారకం, ఎక్కువగా కనిపించిన అయొడైడే. అవక్షేపం 4.00 మిల్లీమోల్‌లు. లెడ్ అయొడైడ్ మోలార్ ద్రవ్యరాశి 461.0 గ్రాములు కనుక దాని ద్రవ్యరాశి 1.84 గ్రాములు.

మిగిలినవాటి గాఢతలు లెక్కించేటప్పుడు మరో పొరపాటు కాచుకొని ఉంటుంది. చర్య ముగిశాక ద్రావణం 50.0 మి.లీ. కాదు, 80.0 మి.లీ. కూడా కాదు, 130.0 మి.లీ. అందులో లెడ్ 2.00 మిల్లీమోల్‌లు మిగిలింది, అంటే 0.0154 మోలార్. చర్యలో పాల్గొనని పొటాషియం 8.00 మిల్లీమోల్‌లు, 0.0615 మోలార్. ఒక్కో లెడ్ నైట్రేట్‌తో పాటు రెండేసి నైట్రేట్‌లు వచ్చాయి కనుక నైట్రేట్ 12.00 మిల్లీమోల్‌లు, 0.0923 మోలార్. ఈ జవాబులను సరిచూసుకోవడానికి పుస్తకం చివరి పేజీ తిప్పనవసరం లేదు. ద్రావణానికి నికర విద్యుదావేశం ఉండదు. ధనావేశం వైపు లెడ్ నుంచి 0.0154కు రెండింతలు, పొటాషియం నుంచి 0.0615, మొత్తం 0.0923. రుణావేశం వైపు నైట్రేట్ 0.0923. రెండూ సరిపోయాయి. ఈ పరీక్షకు అరనిమిషం చాలు, అయినా పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కవలసినంత చోటు దక్కడం లేదనే చెప్పాలి.

ఇక్కడ ఒక మినహాయింపు కూడా చెప్పుకోవాలి. 1.84 గ్రాములు అన్నది అవక్షేపానికి గరిష్ఠ హద్దు. లెడ్ అయొడైడ్ నీటిలో బొత్తిగా కరగని పదార్థం కాదు. గది ఉష్ణోగ్రత వద్ద దాని ద్రావణీయతా లబ్ధం, అంటే సంతృప్త ద్రావణంలో లెడ్ గాఢతను అయొడైడ్ గాఢత వర్గంతో గుణించిన విలువ, 10 ఘాతం రుణ 8కి దగ్గరగా ఉంటుంది. 0.0154 మోలార్ లెడ్ మిగిలిన ద్రావణంలో అయొడైడ్ సుమారు 0.0008 మోలార్ మేరకు కరిగి ఉండగలదు. 130 మి.లీ.కి లెక్కిస్తే సుమారు 0.02 గ్రాముల అవక్షేపం ద్రావణంలోనే ఉండిపోతుంది. స్టాయికియోమెట్రీ చర్య పూర్తిగా జరిగిందని భావించి లెక్క చెబుతుంది, ఎంతవరకు జరిగిందో చెప్పే పని సమతాస్థితి సూత్రాలది. వెండి క్లోరైడ్ వంటి చాలా తక్కువగా కరిగే పదార్థాల విషయంలో మాత్రం ఈ తేడాను నిశ్చింతగా వదిలేయవచ్చు.

వెండి క్లోరైడ్ ప్రస్తావన వచ్చింది కనుక, ద్రావణంలోని పదార్థాలను లవణాలుగా కాక అయాన్లుగా చూడటం వల్ల ఎంత శ్రమ తగ్గుతుందో దానితోనే చూడవచ్చు. 20.0 మి.లీ. 0.100 మోలార్ సోడియం క్లోరైడ్, 30.0 మి.లీ. 0.0500 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉన్న ద్రావణంలోని క్లోరైడ్ అంతటినీ అవక్షేపించడానికి 0.100 మోలార్ సిల్వర్ నైట్రేట్ ఎంత కావాలి? రెండు లవణాలకు రెండు సమీకరణాలు రాసి, రెండు లెక్కలు చేసి, చివరికి కూడవచ్చు. అంత అవసరం లేదు. సిల్వర్ అయాన్‌కు క్లోరైడ్ ఏ లవణం నుంచి వచ్చిందన్న పట్టింపు లేదు. మొదటిదాని నుంచి 2.00 మిల్లీమోల్‌లు, మెగ్నీషియం క్లోరైడ్ ఒక్కో మోల్‌కు రెండేసి క్లోరైడ్‌లు ఇస్తుంది కనుక రెండోదాని నుంచి 3.00 మిల్లీమోల్‌లు, మొత్తం 5.00. ఒకటికి ఒకటి చొప్పున 50.0 మి.లీ. సిల్వర్ నైట్రేట్ సరిపోతుంది. సోడియం, మెగ్నీషియం, నైట్రేట్ అయాన్లు ప్రేక్షకులుగానే మిగిలిపోతాయి.

మోల్‌లే అసలు రాశి అన్న సంగతి కాగితం మీద కంటే ప్రయోగశాలలో స్పష్టంగా తెలుస్తుంది. టైట్రేషన్, అంటే చర్య సరిగ్గా పూర్తయ్యే వరకు బ్యూరెట్ నుంచి ద్రావణాన్ని కొలుస్తూ పోయడం, మధ్యలో శంకు కుప్పె గోడలకు అంటిన చుక్కలను కిందికి దించడానికి అందులోకి నీరు చల్లుతారు. ఎంత నీరు చల్లారో ఎవరూ కొలవరు. కొలవనవసరం లేదు కూడా, ఎందుకంటే పిపెట్‌తో పోసిన మోల్‌లు నీటి వల్ల పెరగవు, తరగవు. అదే నీరు బ్యూరెట్‌లో మిగిలి ఉంటే ఫలితం పాడవుతుంది. కేవలం నీటితో కడిగి వెంటనే నింపిన బ్యూరెట్‌లోని ద్రావణం పలుచబడుతుంది, చర్య పూర్తయిందని రంగు మార్పు తెలిపే అంత్య స్థానం చేరడానికి ఎక్కువ మి.లీ. పడతాయి, కానీ లెక్కలో మాత్రం సీసా మీది గాఢతనే వేస్తారు కనుక జవాబు హెచ్చుగా వస్తుంది. పిపెట్‌లో నీరు ఉండిపోతే అది కుప్పెలోకి తక్కువ మోల్‌లను దింపుతుంది, జవాబు తగ్గుతుంది. అందుకే బ్యూరెట్‌నూ పిపెట్‌నూ నింపబోయే ద్రావణంతోనే కడగాలి, శంకు కుప్పెను మాత్రం నీటితోనే కడగాలి. దాన్ని కూడా కొలవబోయే ద్రావణంతో కడిగితే లెక్కలోకి రాని మోల్‌లు గోడలకు అంటుకొని ఉండిపోతాయి. ఈ నియమాలను విడివిడిగా కంఠస్థం చేసేవారు ఎప్పుడో ఒకప్పుడు తారుమారు చేస్తారు. ఎక్కడ మోల్‌లను కొలుస్తున్నామో తెలిసినవారికి కంఠస్థంతో పనే ఉండదు.

ప్రమాణ కుప్పెలో కలిపే నీరు ఇందుకు భిన్నం, దాన్ని కచ్చితంగా గీత వరకే నింపాలి. సుమారు 37 శాతం ఉండే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నేరుగా టైట్రేట్ చేయడం ఆచరణలో కుదరదు. 10.00 మి.లీ. తీసుకొని ఒక లీటర్‌కు విలీనం చేసి, అందులోంచి 25.00 మి.లీ. పిపెట్‌తో తీస్తారు. దానికి 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 30.25 మి.లీ. పట్టిందనుకుంటే, పిపెట్‌లోని ఆమ్లం 3.025 మిల్లీమోల్‌లు, విలీన ద్రావణం 0.1210 మోలార్, అసలు ఆమ్లం దానికి 100 రెట్లు, 12.10 మోలార్. ఒకే లెక్కలో విలీనమూ చర్యా రెండూ ఉన్నాయి. మొదట్లో చెప్పిన సూత్రం విలీనం దగ్గర ఏ షరతూ లేకుండా చెల్లుతుంది, చర్య దగ్గర నిష్పత్తి ఒకటికి ఒకటి కాబట్టి చెల్లింది. ఈ రెంటినీ ఒకటిగా పొరబడటానికి ఇంతకంటే అనువైన లెక్క దొరకదు.

నిష్పత్తి పదార్థానిది కాదు, చర్యది. ఫాస్ఫోరిక్ ఆమ్లంలో తొలగించదగిన హైడ్రోజన్‌లు మూడు ఉన్నాయి కదా అని మూడు మోల్‌ల క్షారం లెక్క వేస్తే టైట్రేషన్‌లో ఆ జవాబు కుదరదు. రంగు మార్పుతో అంత్య స్థానాన్ని తెలిపే సూచికల్లో మిథైల్ ఆరెంజ్ రంగు మారేసరికి మొదటి హైడ్రోజన్ మాత్రమే తటస్థమవుతుంది, ఫినాఫ్తలీన్ రంగు మారేసరికి రెండోది కూడా పూర్తవుతుంది. ఒకే సీసాలోని ఆమ్లానికి సూచికను బట్టి నిష్పత్తి ఒకటి గానీ రెండు గానీ అవుతుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో ఈ సంగతి మరింత స్పష్టం. ఆమ్ల యానకంలో పర్మాంగనేట్ అయాన్ ఐదు ఎలక్ట్రాన్‌లు తీసుకొని దాదాపు రంగులేని మాంగనీస్ అయాన్‌గా మారుతుంది కనుక ఒక్కో అయాన్ ఐదేసి ఫెర్రస్ అయాన్లను ఆక్సీకరిస్తుంది. 25.00 మి.లీ. ఫెర్రస్ ద్రావణానికి 0.0200 మోలార్ పర్మాంగనేట్ 18.50 మి.లీ. పడితే, పర్మాంగనేట్ 0.370 మిల్లీమోల్‌లు, ఫెర్రస్ దానికి ఐదు రెట్లు 1.85 మిల్లీమోల్‌లు, గాఢత 0.0740 మోలార్. ఆక్సలేట్‌తో అయితే రెండు పర్మాంగనేట్‌లకు ఐదు ఆక్సలేట్‌లు. తటస్థ యానకంలో పర్మాంగనేట్ మూడు ఎలక్ట్రాన్‌లే తీసుకొని గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా అవక్షేపిస్తుంది. ఇప్పుడు ఆ సీసా నార్మాలిటీ ఎంతని అడిగితే, ఆమ్ల యానకంలో 0.100, తటస్థ యానకంలో 0.0600 అని రెండు జవాబులు చెప్పాలి. ద్రావణం మారలేదు, మోలారిటీ 0.0200 గానే ఉంది, కానీ నార్మాలిటీ మాత్రం జరగబోయే చర్య తెలిస్తే గానీ తేలదు. నార్మాలిటీ వెనక్కి తగ్గడానికి ఇదే ముఖ్య కారణం. నిష్పత్తిని గాఢత లోపల దాచడం కంటే సమీకరణంలో అందరికీ కనిపించేలా ఉంచడమే మంచిదని ఒప్పుకోక తప్పదు.

కొన్ని పదార్థాలను నేరుగా టైట్రేట్ చేయలేం. సున్నపురాయి నీటిలో కరగదు, ఆమ్లంలో నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి చుక్క చుక్కగా ఆమ్లం పోస్తూ అంత్య స్థానం కోసం కాచుకొని కూర్చోవడం వల్ల లాభం లేదు. కొలిచిన ఆమ్లాన్ని కావలసినదాని కంటే ఎక్కువగా పోసి, చర్య ముగిశాక మిగిలినదాన్ని క్షారంతో తిరిగి కొలవడం మేలు. 0.500 గ్రాముల సున్నపురాయి పొడికి 50.00 మి.లీ. 0.250 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించడానికి మెల్లగా మరిగించి చల్లార్చాక, మిగిలిన ఆమ్లానికి 0.100 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 32.0 మి.లీ. పట్టిందనుకుందాం. పోసిన ఆమ్లం 12.50 మిల్లీమోల్‌లు, మిగిలింది 3.20, రాయితో చర్య జరిపింది 9.30. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్‌కు రెండు మోల్‌ల ఆమ్లం కావాలి కనుక కార్బొనేట్ 4.65 మిల్లీమోల్‌లు. మోలార్ ద్రవ్యరాశి 100.09 గ్రాములు కాబట్టి 0.465 గ్రాములు, నమూనాలో 93.1 శాతం. ఈ ఒక్క లెక్కలో రెండు నిష్పత్తులు ఉన్నాయి, క్షారానికీ ఆమ్లానికీ మధ్య ఒకటికి ఒకటి, రాయికీ ఆమ్లానికీ మధ్య ఒకటికి రెండు. ఒకటి రెండోదాని స్థానంలోకి జారితే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం కష్టం.

93.1 శాతం కాల్షియం కార్బొనేట్ అన్న ఫలితాన్ని కూడా దాని హద్దుల్లోనే చదవాలి. ప్రయోగం కొలిచింది కాల్షియాన్ని కాదు, ఖర్చయిన ఆమ్లాన్ని. రాయిలో కొంత మెగ్నీషియం కార్బొనేట్ ఉంటే అదీ అదే నిష్పత్తిలో ఆమ్లాన్ని తాగుతుంది, లెక్క దాన్ని కూడా కాల్షియం ఖాతాలోనే రాస్తుంది. దాని మోలార్ ద్రవ్యరాశి 84.31 గ్రాములే కావడంతో, తగినంత మెగ్నీషియం ఉన్న శుద్ధ కార్బొనేట్ రాయికి జవాబు 100 శాతాన్ని మించి వచ్చినా ఆశ్చర్యపోవలసింది లేదు. అప్పుడు అనుమానించవలసింది బ్యూరెట్‌ను కాదు, ఆమ్లంతో చర్య జరిపింది కాల్షియం కార్బొనేట్ ఒక్కటేనన్న ఊహతో రాసుకున్న సమీకరణాన్ని.